ఐదు లక్షలతో ఫోన్ షాపు: ఖరీదైన ఫోన్లా, చవక ఫోన్లా? గుడిబండ లెక్క

ఈ రోజు మాట్లాడుకునేది సెల్‌ఫోన్ షాపు గురించి. గుడిబండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, బస్టాండు దగ్గర మొబైల్ షాపు పెడుతున్నా. ఐదు లక్షలు వడ్డీకి తెస్తున్నా. హిందూపురంలో ఏ షాపు చూసినా అద్దాల వెనకాల ఐఫోన్లు, పెద్ద శాంసంగ్‌లే పెడుతున్నారు. ఒక్క ఫోన్ అమ్మితే రెండు వేలు మిగులుతాయంట. మా ఊర్లో అడిగేదేమో తొమ్మిది వేలు, పది వేల ఫోన్లు. వాటిలో నాలుగు వందలు మిగలడమే గగనం. నేను ఏవి పెట్టాలి?"

మంచి ప్రశ్న. ఇది ఈ తమ్ముడి ఒక్కడిదే కాదు. యాపిల్, షావోమీ, శాంసంగ్ లాంటి కంపెనీలు కూడా ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న వేసుకుంటాయి. వాళ్ల దగ్గర వేల కోట్లు ఉంటాయి, తప్పు చేసినా తట్టుకుంటారు. మన తమ్ముడి దగ్గర ఉన్నది ఐదు లక్షలు, అదీ వడ్డీకి. అందుకే ముందు గుడిబండ లెక్క చూద్దాం, కంపెనీల సంగతి తర్వాత.

ఊరు తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. గుడిబండ అంటే శ్రీ సత్యసాయి జిల్లా, మడకశిర నియోజకవర్గంలో ఒక మండల కేంద్రం. కర్ణాటక సరిహద్దు పక్కనే. షాపుకొచ్చే మనిషి ఒక మాట తెలుగులో అడిగి, బేరం కన్నడలో ఆడతాడు. పెద్ద ఫోన్ కొనాలంటే హిందూపురం పోతాడు, ఇంకా పెద్దదైతే బెంగళూరు పోతాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, లెక్కంతా దీని మీదే తిరుగుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. నేను చెప్పే అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. మీ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే మార్జిన్ వేరే ఉండొచ్చు, అది వేసుకుని మీరే మళ్లీ చేసుకోండి. జీఎస్టీని కూడా కాసేపు పక్కన పెడదాం.

ఒక చవక ఫోన్, ధర 9,000. అందులో షాపుకి 5 శాతం, అంటే 450 రూపాయలు. షాపుకి పడే ధర 8,550. ఒక ఖరీదైన ఫోన్, ధర 70,000. అందులో 3 శాతం, అంటే 2,100 రూపాయలు. షాపుకి పడే ధర 67,900. ఇంతవరకు చూస్తే ఎవరైనా ఏమంటారు? ఒక్క పెద్ద ఫోన్ అమ్మితే నాలుగున్నర చిన్న ఫోన్లు అమ్మినట్టే కదా, అదే పెట్టేద్దాం అంటారు.

ఆగండి. ఐదు లక్షలతో చిన్న ఫోన్లు ఎన్ని వస్తాయి? 58. పెద్ద ఫోన్లు ఎన్ని వస్తాయి? ఏడు.

58 చిన్న ఫోన్లు గుడిబండలో నెల రోజుల్లో అమ్ముడుపోయాయి అనుకుందాం. రోజుకి రెండు. 58 సార్లు 450 అంటే 26,100 రూపాయలు. నూటికి నెలకి రూపాయిన్నర వడ్డీ వేసుకుంటే సుమారు 7,400 పోతుంది. మిగిలింది 18,700 దాకా. ఇందులోంచే షాపు బాడుగ, కరెంటు బిల్లు కట్టుకోవాలి.

ఇప్పుడు ఏడు పెద్ద ఫోన్లు. గుడిబండలో ఏడు డెబ్బై వేల ఫోన్లు అమ్ముడుపోవడానికి మూడు నెలలు పట్టింది అనుకుందాం. నిజానికి నేను ఉదారంగా చెబుతున్నాను. ఏడు సార్లు 2,100 అంటే 14,700. మూడు నెలల వడ్డీ ఎంత? నెలకి 7,100 చొప్పున 21,300 పైనే. అంటే ఏడు ఫోన్లూ అమ్మి, ఏడుగురి చేత స్వీట్లు తినిపించుకుని, చివరికి ఆరు వేల ఆరు వందల నష్టం. బాడుగ ఇంకా కట్టనేలేదు.

అవే ఏడు ఫోన్లు హిందూపురం మెయిన్ రోడ్డులో పది రోజుల్లో పోతాయి అనుకోండి. డబ్బు నెలకి మూడు సార్లు తిరుగుతుంది. 14,700 మూడు సార్లు అంటే 44,100. వడ్డీ పోగా 37,000 చేతిలో. చూశారా? అదే ఫోన్, అదే మార్జిన్, అదే వడ్డీ. ఒక ఊర్లో లాభం, ఒక ఊర్లో నష్టం. తేడా అంతా డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి వచ్చింది అన్న దాంట్లోనే ఉంది.

అందుకే "ఈ ఫోన్‌లో మార్జిన్ ఎంత" అని అడగడం సగం ప్రశ్నే. "ఈ డబ్బు నా చేతికి ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుంది" అన్నది మిగతా సగం. సేల్స్‌మన్ మొదటి సగమే చెబుతాడు, ఎందుకంటే వాడి పని షాపులోకి సరుకు దించడం. అది ఎప్పుడు బయటికి పోతుందో వాడి తలనొప్పి కాదు.

ఇంకో సంగతి. మన హిందూపురం చింతపండుకి పెద్ద మార్కెట్ కదా. చింతపండుకి రేటు లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి నాలుగు నెలలు ఆగుతారు. ఫోన్ చింతపండు కాదు, టమాటా. అల్మారాలో పెట్టిన రోజు నుంచి దాని విలువ దిగుతూనే ఉంటుంది. ఉదాహరణ చెబుతాను. ఐఫోన్ 15 సెప్టెంబర్ 2023లో 79,900కి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఐఫోన్ 16 వచ్చింది, 15 ధర 69,900కి దిగింది. ఒక్క రోజులో దాదాపు పది వేలు! పాత ధరకి కొన్న ఫోన్ ఒక్కటి ఆ రోజు మీ అల్మారాలో మిగిలి ఉంటే, మన 3 శాతం లెక్కన నాలుగు ఫోన్ల లాభం అది ఒక్కటే తినేస్తుంది. కాబట్టి ఖరీదైన ఫోన్ తెచ్చే ముందు డిస్ట్రిబ్యూటర్‌ని గట్టిగా అడగాల్సింది "ధర తగ్గితే తేడా వాపసు ఇస్తారా, ఎన్ని రోజుల్లోపు కొన్న సరుకుకి ఇస్తారు" అని. నోటి మాట కాదు, కాగితం మీద. ఒక చోట తెచ్చి, వాపసు అడిగే హక్కు ఇంకో చోట ఉంటుంది అనుకోవద్దు.

సరే, ఇదంతా విని "అయితే చవక ఫోన్లే పెడతా" అంటారేమో. అక్కడా ఒక గొయ్యి ఉంది. దానికి మన హైదరాబాద్ కథే చెప్పాలి.

సెల్‌కాన్ గుర్తుందా? హైదరాబాద్ కంపెనీ. డ్యుయల్ సిమ్, పెద్ద స్పీకర్, తక్కువ ధర. మన పల్లెల్లో బాగానే తిరిగింది. 2013లో వెస్టిండీస్‌లో ఇండియా, శ్రీలంక, వెస్టిండీస్ ఆడిన ముక్కోణపు సిరీస్ పేరే సెల్‌కాన్ మొబైల్ కప్. ఫైనల్లో ధోనీ చివరి ఓవర్లో కావాల్సిన 15 పరుగులూ కొట్టేసి గెలిపించాడు చూడండి, ఆ మ్యాచ్. మన తెలుగు వాళ్ల ఫోన్ పేరు కరీబియన్ గ్రౌండ్‌లో బోర్డుల మీద! 2015లో మేడ్చల్‌లో తయారీ యూనిట్ కూడా మొదలుపెట్టారు. ఉత్తరాదిలో మైక్రోమ్యాక్స్ అయితే ఒక దశలో శాంసంగ్‌తోనే ఢీకొంది.

తర్వాత ఏమైంది? సెప్టెంబర్ 2016లో జియో వచ్చింది. అది 4జీ మాత్రమే. 4జీ లేని ఫోన్ అడిగేవాడు రోజురోజుకీ తగ్గిపోయాడు. నవంబర్‌లో నోట్ల రద్దు. పల్లెల్లో చవక ఫోన్ కొనేది నగదుతోనే కదా, ఆ నగదే ఆగిపోయింది. అదే సమయంలో చైనా కంపెనీలు, ఆన్‌లైన్‌లో షావోమీ, ఊరూరా ఆకుపచ్చ, నీలం బోర్డులతో ఒప్పో, వివో దిగిపోయాయి. మన చవక కంపెనీలకి ఫోన్‌కి మిగిలేదే కొద్దిగా. ఒక్క మోడల్ తప్పినా, ఒక్క లాటు మిగిలిపోయినా తట్టుకునే కండ లేదు. చవక ఫోన్‌తో వచ్చే ప్రమాదం ఇదే. రోజూ డబ్బు తిరుగుతున్నట్టే ఉంటుంది, దెబ్బ తగిలిన రోజు ఆదుకోవడానికి పక్కన ఏమీ పోగుపడి ఉండదు.

మరి షావోమీ ఎలా బతికింది? వాళ్లు అమ్మిందీ చవక ఫోన్లే కదా. 2015 ఆగస్టులో మన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఇండియాలో మొదటి షావోమీ ఫోన్ తయారైంది, రెడ్‌మీ 2 ప్రైమ్. విశాఖపట్నంలో విడుదల చేశారు, ధర 6,999. దాదాపు మూడేళ్ల తర్వాత, 2018 ఏప్రిల్‌లో, షావోమీ అధిపతి లీ జున్ ఒక మాట ఇచ్చాడు. మా పరికరాల మీద నికర లాభం ఎప్పుడూ 5 శాతం దాటదు, దాటితే కస్టమర్‌కే తిరిగి ఇస్తాం అని. వినడానికి దానధర్మం లాగా ఉంటుంది. దానం ఏమీ కాదండి. ఆ ఏడాది షావోమీకి ఫోన్ల మీద స్థూల లాభం 6 శాతం చుట్టుపక్కలే. కానీ ఫోన్ లోపల ప్రకటనలు, యాప్‌లు, గేమ్‌లు, వీటి మీద వచ్చే ఆదాయంలో స్థూల లాభం 60 శాతం పైన. ఫోన్ అనేది వాళ్లకి తలుపు మాత్రమే. లోపలికి వచ్చాక అసలు వ్యాపారం.

యాపిల్ దీనికి పూర్తిగా అటువైపు. 2024 ఆర్థిక సంవత్సరంలో యాపిల్ వస్తువుల మీద స్థూల లాభం సుమారు 37 శాతం, సేవల మీద సుమారు 74 శాతం. వాళ్లు తలుపు దగ్గరా తీసుకుంటారు, లోపలా తీసుకుంటారు. అదే ఏడాది ఇండియాలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లు పదిహేను కోట్ల పైచిలుకు, అందులో యాపిల్‌వి సుమారు 1.2 కోట్లు. అంటే పన్నెండు, పదమూడు ఫోన్లలో ఒకటి. కానీ రూపాయల్లో లెక్క తీస్తే ఆ ఒక్కటే ముందు వరుసలో కూర్చుంటుంది. ఫోన్ల సంఖ్యలో ఆ ఏడాది మొదటి స్థానం వివోది.

ఇక్కడ ఒక చిన్న తమాషా చూడండి. కంపెనీకి 37 శాతం మిగిలే ఫోన్ మీద షాపు వాడికి మిగిలేది ఆ పక్కన చాలా చిన్న అంకె. కంపెనీకి లాభం ఎక్కువ ఉన్న ఫోన్‌లో షాపుకీ ఎక్కువ ఉంటుంది అని మనం అనుకుంటాం. ఎందుకు ఉంటుంది? జనం ఆ ఫోన్ పేరు చెప్పి అడుగుతూ వస్తున్నారు, షాపు వాడు చెప్పి అమ్మాల్సిన పని లేదు. చెప్పి అమ్మాల్సిన ఫోన్‌కే కంపెనీ షాపు వాడికి ఎక్కువ ఇస్తుంది. మీకు ఏదైనా మోడల్ మీద మామూలు కంటే బాగా ఎక్కువ మార్జిన్ ఇస్తామని వచ్చారంటే, అది ఎక్కడో ఆగిపోయి ఉందని అర్థం చేసుకోండి.

ఈ మార్జిన్ గొడవ మన కళ్ల ముందే రోడ్డెక్కింది కూడా. 2024లో దక్షిణాది మొబైల్ రిటైలర్ల సంఘం వన్‌ప్లస్ కంపెనీకి లేఖ రాసింది. మార్జిన్లు చాలడం లేదు, వారంటీ క్లెయిములు ఆలస్యం అవుతున్నాయి, మే 1 నుంచి మీ ఫోన్లు అమ్మం అని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడుతో పాటు మహారాష్ట్ర, గుజరాత్ కలిపి సుమారు 4,500 షాపుల మాట అది. పెద్ద పెద్ద చైన్ షాపులు! కస్టమర్లు పేరు చెప్పి అడిగే ఫోన్‌ని మేము అమ్మం అనే దాకా వాళ్లే వచ్చారంటే, ఖరీదైన బోర్డు పెట్టుకున్నంత మాత్రాన డబ్బు మిగలదు అని తెలుస్తోంది కదా. అయితే ఆ చైన్ షాపులకి గొంతు ఉంది. వేల షాపులు కలిసి అడిగితే కంపెనీ వింటుంది. గుడిబండలో ఒక్క షాపు అడిగితే సేల్స్‌మన్ కూడా వినడు.

మరి ఆ ఒక్క షాపు ఏం చేయాలి? నా అభిప్రాయం చెబుతాను, మీ ఊరు చూసుకుని మార్చుకోండి.

ఐదు లక్షల్లో మూడు లక్షలు పన్నెండు వేల లోపు ఫోన్లకి. రోజూ మనుషుల్ని షాపులోకి తెచ్చేవి ఇవే. ఫోన్ మీద 450 మిగిలితే మిగలనివ్వండి. ఆ మనిషి బయటికి పోయే లోపల టెంపర్డ్ గ్లాసు వేయించుకుంటాడు, పౌచ్ తీసుకుంటాడు, ఒక్కోసారి ఛార్జర్ కూడా. గ్లాసు, పౌచ్ కలిపి రెండు వందలు అనుకుంటే అందులో సగానికి పైనే మీది. శాతం లెక్కన చూస్తే షాపులో అన్నిటికంటే లాభం ఉన్నది ఆ ఇరవై పైసల ప్లాస్టిక్ కవరులో వేలాడే గ్లాసులోనే, ఫోన్‌లో కాదు! డెబ్బై వేల ఫోన్ కొనే ఆయన కవరు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాడు, అది వేరే కథ.

లక్షన్నర పదిహేను నుంచి పాతిక వేల ఫోన్లకి. ఈ మధ్య తరగతి ఫోన్ల మీద షాపు వాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నేను అంటాను. కాలేజీ పిల్లలు, బెంగళూరులో పనికి పోయి పండక్కి ఊరికొచ్చే వాళ్లు, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వైపు ఉద్యోగాలు చేసుకునే వాళ్లు వీటికి వస్తారు. ఈఎంఐ ఉంటే పన్నెండు వేలకి వచ్చిన మనిషి పద్దెనిమిది వేల ఫోన్ తీసుకుని పోతాడు. రూపాయల్లో మార్జిన్ చిన్న ఫోన్‌కి రెట్టింపు, డబ్బు ఇరుక్కునేది మాత్రం పెద్ద ఫోన్‌లో నాలుగో వంతు. అయితే "సున్నా వడ్డీ ఈఎంఐ" అన్నప్పుడు ఆ వడ్డీ ఎవరు భరిస్తున్నారో చూసుకోండి. కంపెనీ భరిస్తే మంచిదే. మీ మార్జిన్‌లోంచి కోస్తుంటే, అమ్మిన ఆనందం తప్ప ఏమీ మిగలదు.

మిగిలిన యాభై వేలు చేతిలో ఉంచుకోండి. ఖరీదైన ఫోన్ కొని పెట్టొద్దు. డమ్మీ పీసు అద్దంలో పెట్టండి. అడిగిన మనిషి దగ్గర అడ్వాన్సు తీసుకోండి, హిందూపురం నుంచి ఒక్క పీసు తెప్పించి సాయంత్రానికి ఇవ్వండి. మార్జిన్ 2,100 కాకుండా 1,200 వచ్చినా, వడ్డీ రోజు లెక్కనే పడుతుంది. నెలకి రెండు అలా పోయినా లాభమే.

టార్గెట్ల సంగతి కూడా చెప్పాలి. నెలాఖరుకి ఇంకో ఎనిమిది ఫోన్లు ఎత్తితే పై స్లాబు, ఒక శాతం ఎక్కువ అంటారు. చాలా షాపులు మునిగేది ఈ నెలాఖరులోనే. ఆ ఎనిమిది ఫోన్లు వచ్చే నెల మొదటి వారంలో పోతాయన్న నమ్మకం ఉంటేనే ఎత్తండి. స్లాబు కోసం ఎత్తిన సరుకుని నష్టానికి పక్క షాపుకి తోసే వాళ్లని ప్రతి ఊర్లోనూ చూస్తాం.

ఇంక చివరిగా, ఈ చవక ఫోన్లు అసలు దొరుకుతూ ఉంటాయా అన్నది పెద్ద సమస్య. 2024 డిసెంబర్‌లో ఎనిమిది వేల లోపే 5జీ ఫోన్ వచ్చింది, పోకో సీ75. అబ్బా, ఇక అందరి చేతిలో 5జీ అనుకున్నాం. 2025 రెండో సగం నుంచి మెమరీ చిప్పుల ధరలు పైకి పోయాయి. ఏఐ డేటా సెంటర్లకి చిప్పులు కావాలి, తయారుచేసే వాళ్లు లాభం ఎక్కడుంటే అటే పోతారు. లక్ష రూపాయల ఫోన్‌లో మెమరీ ఖర్చు వెయ్యి రూపాయలు పెరిగితే కంపెనీ మింగేయగలదు. ఎనిమిది వేల ఫోన్‌లో ఆ వెయ్యి ఎక్కడి నుంచి తెస్తుంది? ధర పెంచాలి, లేకపోతే ర్యామ్ తగ్గించాలి, లేకపోతే ఆ మోడల్‌నే ఆపేయాలి.

ప్రభుత్వ ప్రోత్సాహం కూడా ఇటువైపు వంగలేదు. 2020లో వచ్చిన ఉత్పత్తి ప్రోత్సాహక పథకంలో విదేశీ కంపెనీలకి లెక్కలోకి వచ్చేది ఇన్వాయిస్ విలువ 15,000 పైన ఉన్న ఫోన్లే. అదే ఏడాది ఏప్రిల్ నుంచి జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది, తొమ్మిది వేల ఫోన్‌కీ అంతే, లక్ష ఫోన్‌కీ అంతే. ఇప్పుడు బెంగళూరు పక్కన దేవనహళ్లిలో ఐఫోన్లు తయారవుతున్నాయి, హిందూపురానికి ఎంతో దూరం కాదు. సంతోషమే. కానీ గుడిబండలో పింఛను మెసేజ్ చూసుకోవడానికి, పిల్లోడి ఆన్‌లైన్ పాఠానికి ఫోన్ కొనే కూలీ మనిషి చేతిలో ఉన్నది ఎనిమిది వేలే. ఆ మనిషి కోసం ఫోన్ చేస్తే ఎవరికీ పెద్దగా ఏమీ మిగలదు.

అప్పుడు ఆ మనిషి ఎటు పోతాడు? సెకండ్ హ్యాండ్‌కి పోతాడు. ఇరవై వేల ఫోన్ రెండేళ్లు వాడింది ఏడు, ఎనిమిది వేలకి దొరికితే కొత్త చవక ఫోన్ కంటే అదే బాగా నడుస్తుంది. షాపు వాడికీ దాంట్లో మార్జిన్ కొత్త ఫోన్ కంటే ఎక్కువే ఉండొచ్చు, ఎందుకంటే ధర కట్టేది తనే. కానీ దొంగ ఫోన్ వచ్చి పడితే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. కాబట్టి పాత ఫోన్ కొనే ముందు అమ్మేవాడి గుర్తింపు కార్డు, ఉంటే పాత బిల్లు తీసుకోండి, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో ఐఎంఈఐ నంబరు కొట్టి చూడండి. ఉచితమే, నిమిషం పని. ఫోన్ బ్లాక్ అయి ఉంటే అక్కడే తెలుస్తుంది.

పాత ఫోన్ల కొనుగోలుకి రిజిస్టరు ఎలా రాయాలి, వాటి మీద జీఎస్టీ ఎలా పడుతుంది, ఈ రెండూ వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.